ఎవరికి మేలు? అటవీ వృక్షాల జన్యు మెరుగుదల: ఒక నైతిక పరిశీలన

వ్యాససంగ్రహం

అటవీ వృక్షాలను జీవసాంకేతికతతో మెరుగుపరచడమే సుస్థిరతకు మార్గమన్న వాదం నేడు బలపడుతున్నది. త్వరగా పెరిగే చెట్టు, తెగులుకు లొంగని చెట్టు, తక్కువ కాలంలో చేవ పట్టే చెట్టు లభిస్తే సహజారణ్యంపై ఒత్తిడి తగ్గుతుందన్నది ఆ వాద సారాంశం. ఈ వాదాన్ని తెలుగు నేలకు చెందిన రెండు వృక్షాలు, అంటే గోదావరి తీరపు జామాయిల్ క్లోన్లు, శేషాచలం కొండల ఎర్రచందనం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. 'మేలు' అన్న తెలుగు మాటలో ఇమిడి ఉన్న రెండు అర్థాలను విడదీసి చూస్తే తోటకు వర్తించే నీతి అడవికి యథాతథంగా వర్తించదని, తోటకు చేసిన మేలును అడవికి చేసిన మేలుగా పేర్కొనడంలోనే అసలు దోషం ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అటవీ వృక్షాలు, జీవసాంకేతికత, పర్యావరణ నీతి, ఎర్రచందనం, జామాయిల్, పాఠాంతరం, సుస్థిరత.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులోని వెంగళరావు నగర్ నుంచి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్‌ల మీదుగా జూబ్లీహిల్స్ వైపు సాగే దారి తెలుగు సినిమా నివాసం గుండా పోతుంది. జూనియర్ ఆర్టిస్టుల అడ్డాగా పేరుబడిన కృష్ణానగర్ దాటి పైకి వెళితే ఒక వైపు ఫిల్మ్‌నగర్, మరొక వైపు 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం కనిపిస్తాయి. అడవిని కల్పించే చోటు, మిగిలిన అడవిని కాపాడే చోటు పక్కపక్కనే ఉన్నాయి. ఈ వ్యాసం చర్చించే ప్రశ్నకు ఈ ఇరుగుపొరుగుతనమే ప్రారంభం.

2021 డిసెంబరులో విడుదలైన 'పుష్ప' చిత్రం ఎర్రచందనం అన్న మాటను తెలుగేతరుల నోట కూడా పలికించింది. కథాస్థలం శేషాచలం. చిత్రీకరణలో అధిక భాగం మాత్రం మారేడుమిల్లి అడవుల్లో జరిగింది. ఎర్రచందనం సహజంగా పెరగని అడవి అది. తెర మీద ఒక అడవి మరొక అడవి పాత్రను ధరించింది. ప్రేక్షకులకు లోటు తోచలేదు. కళలో అది దోషం కాదు సరికదా, కళ అన్నదే అటువంటి ఒప్పందం.

అయితే తెర వెలుపల ఇదే ఒప్పందం చెల్లుతుందా? ఒక అడవికి బదులు మరొక అడవి, ఒక చెట్టుకు బదులు ప్రయోగశాలలో రూపొందిన 'మేలైన' చెట్టు నిలబడినప్పుడు లోటేమీ లేదని అనగలమా? లోటు ఉంటే అది ఎవరికి? ఈ ప్రశ్నలకు విజ్ఞానశాస్త్రం సామగ్రిని అందించగలదు గాని తీర్పు చెప్పలేదు. తీర్పు నీతికి సంబంధించినది. ఆ నీతి మనం వాడే మాటలలో ఎంతో కొంత దాగి ఉంటుంది కనుక భాషాసాహిత్యాల విద్యార్థికి కూడా ఈ చర్చలో చోటు ఉన్నది.

2. 'మేలు' అన్న మాట

తెలుగులో 'మేలు' అన్న పదం రెండు పనులు చేస్తుంది. 'మేలు రకం', 'మేలు జాతి', 'మేలిమి బంగారం' అన్నప్పుడు అది వస్తువులోని శ్రేష్ఠతను చెబుతుంది. 'మేలు చేశాడు', 'మీ మేలు మరవలేను' అన్నప్పుడు ఒకరికి కలిగిన హితాన్ని చెబుతుంది. రెండవ వాడుకలో చతుర్థీ విభక్తి తప్పనిసరి. ఎవరికి మేలు అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఆ వాక్యం పూర్తి కాదు. మొదటి వాడుకలో ఆ ప్రశ్న కనబడదు. 'మేలు రకం టేకు' అనగానే ఆ శ్రేష్ఠత టేకు చెట్టులోనే సహజంగా ఉన్నట్లు తోస్తుంది. నిజానికి అక్కడ కూడా చతుర్థి ఉన్నది, కాకపోతే లోపించింది. వడ్రంగికి మేలు, మిల్లుకు మేలు, గుత్తేదారుకు మేలు.

ఇప్ప చెట్టును ఉదాహరణగా తీసుకోవచ్చు. కలపను కొలమానంగా పెట్టుకున్న వానికి నిటారుగా, కొమ్మలు తక్కువగా పెరిగేది మేలైన ఇప్ప. వేసవి తెల్లవారుజామున పువ్వు ఏరుకోవడానికి వెళ్ళే కోయ స్త్రీకి గుబురుగా విస్తరించి విరగబూసేది మేలైన ఇప్ప. ఎలుగుబంటికి, చిలుకకు ఎవరి లెక్క వారిది. వృక్ష అభివృద్ధి శాస్త్రంలో 'ఉత్తమ వృక్షం' ఎంపిక మొదటి మెట్టు. ఆ మెట్టు మీద కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నదన్నది శాస్త్రప్రశ్న కాదు, అధికారానికి సంబంధించిన ప్రశ్న.

మన పూర్వులకు ఈ విషయంలో కల్మషం లేదని చెప్పడం కూడా సరికాదు. వరాహమిహిరుని 'బృహత్సంహిత'లో వృక్షాయుర్వేదానికి ప్రత్యేక అధ్యాయం ఉన్నది. చెట్ల జబ్బులకు చికిత్స, అంటు కట్టడం, విత్తనాలకు సంస్కారం అందులోని విషయాలు. ఆ శాస్త్రం పేరు చెట్టు ఆయుస్సును ముందు నిలిపింది. అయినా కాపు పెంచే ఉపాయాలూ అందులో ఉన్నాయి. చెట్టు హితం, మనిషి లాభం ఒకే శాస్త్రంలో కలగలిసి ఉండడం కొత్త కాదు. కొత్తగా వచ్చినది జోక్యపు లోతు. 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత ప్రకారం మనిషి ప్రయత్నం మొక్క దశలో మొదలవుతుంది. నేటి సాంకేతికత మొక్క కంటే ముందున్న దశకు, విత్తనంలోని వారసత్వానికి చేరుకున్నది.

3. సారపాక పాఠం

జీవసాంకేతికత అనగానే జన్యు మార్పిడి ఒక్కటే గుర్తుకు రావడం పొరపాటు. మంచి చెట్లను గుర్తించి ఎంపిక చేయడం, కొమ్మ ముక్కల నుంచి లేదా కణజాల వర్ధనం ద్వారా అవే లక్షణాలున్న ప్రతులను తయారు చేయడం, డి.ఎన్.ఏ. గుర్తుల సాయంతో వంశాన్ని చదవడం, జన్యువును సవరించడం లేదా కొత్తది చేర్చడం వేర్వేరు మెట్లు. వీటి నైతిక భారం ఒకటి కాదు.

రెండవ మెట్టుకు తెలుగు నేల మీద ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. భద్రాచలం సమీపంలోని సారపాక కాగితపు పరిశ్రమ 1989లో జామాయిల్ క్లోన్ల కార్యక్రమాన్ని ఆరంభించింది. వేల చెట్ల నుంచి నిటారుగా, వేగంగా, తెగులు లేకుండా పెరిగే కొన్నింటిని ఎంచి, వాటి కొమ్మ ముక్కలకు వేళ్ళు పుట్టించి, సంఖ్యలతో గుర్తించి రైతులకు అందించింది. 'భద్రాచలం క్లోన్లు'గా దేశమంతటా పేరు పొందినవి ఇవే. విత్తనం ద్వారా పెంచిన తోటలతో పోలిస్తే దిగుబడి రెండు మూడు రెట్లు పెరిగింది. నాలుగైదు సంవత్సరాలకు కోతకు వచ్చే ఈ తోటలు నీటివసతి లేని చేలకు ఒక ఆదాయాన్ని చూపాయి. కాగితపు గుజ్జు కోసం సహజారణ్యపు వెదురు మీద ఆధారపడే అవసరాన్ని తగ్గించాయి. మనం రాసే కాగితం, ఈ పత్రికల వంటివి అచ్చయ్యే కాగితం కూడా ఎక్కడో ఒక తోట నుంచి వచ్చినదే. కనుక ఈ విషయంలో పండితుడు బయట నిలబడి తప్పులెంచే హక్కును పొందలేడు.

ఇదే కథకు రెండవ సగం ఉన్నది. 2000 తర్వాతి దశాబ్దంలో ఆస్ట్రేలియా మూలం గల ఒక చిన్న కందిరీగ దక్షిణ భారతంలోని జామాయిల్ తోటలలో ప్రవేశించింది. లేత ఆకుల ఈనెలలో, కాడలలో గుడ్లు పెట్టి కణుతులు పుట్టించే కీటకమది. క్లోన్లన్నీ ఒకే విధంగా దెబ్బతినలేదు. కొన్ని తట్టుకున్నాయి, కొన్ని కుదేలయ్యాయి. అయితే లొంగిపోయే క్లోనును నాటిన చేనులో ప్రతి చెట్టూ లొంగిపోయింది, ఎందుకంటే అక్కడ 'ప్రతి చెట్టు' అన్న మాటకు అర్థం లేదు. ఉన్నది ఒకే చెట్టు, వేల ప్రతులలో.

ఈ వైఫల్యం నుంచి క్లోన్లు పాపమన్న తీర్మానం రాదు. రైతు తన చేనిలో తీసుకునే సాహసం వరి, పత్తి పంటలలో తీసుకునే సాహసం వంటిదే. నష్టం పూడ్చుకోవడానికి క్లోను మార్చవచ్చు, చేను దున్ని మరొకటి వేయవచ్చు. తోటకు యజమాని ఉన్నాడు, కోతకాలం ఉన్నది, తప్పు దిద్దుకునే వీలున్నది. ఈ మూడు లక్షణాలే తోటలో మెరుగుదలను నైతికంగా సమ్మతం చేస్తాయి. అడవిలో ఈ మూడూ లేవు.

4. వరి వేరు, మాను వేరు

2025 మే నెలలో రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన 'కమల' అనే జన్యు సవరణ వంగడాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. బాపట్లలో పుట్టి తెలుగువారి కంచంలో స్థిరపడిన సాంబ మసూరి దానికి మూలం. ఈ వంగడం మీద అభ్యంతరాలు, సమర్థనలు రెండూ వచ్చాయి. వాటి బలాబలాలు ఎలా ఉన్నా ఒక విషయం స్పష్టం. వరి ఒక కారులో పుట్టి అదే కారులో ముగుస్తుంది. వద్దనుకుంటే మరుసటి ఏడు వేయకుండా ఉండవచ్చు.

చెట్టు కాలం మనిషి కాలం కాదు. ఎర్రచందనానికి చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఈ రోజు నాటిన మార్పిడి చెట్టు పూతకు వచ్చేనాటికి దానిని అనుమతించిన అధికారి పదవిలో ఉండడు, రూపొందించిన శాస్త్రవేత్త విశ్రాంతి తీసుకొని ఉంటాడు, పథకానికి నిధులిచ్చిన సంస్థ పేరు మారి ఉండవచ్చు. ఫలితాన్ని అనుభవించేవారు నిర్ణయంలో లేరు, నిర్ణయంలో ఉన్నవారు ఫలితానికి ఉండరు. జర్మన్ తత్త్వవేత్త హాన్స్ యోనాస్ 1979లో వెలువరించిన గ్రంథంలో ఆధునిక సాంకేతికతకు పాత నీతి చాలదని వాదించడానికి కారణం ఇదే. పూర్వపు నీతి సాటి మనిషితో, సమీపకాలంలో జరిగే వ్యవహారానికి సరిపోయింది. చర్య ఫలితం తరాల దూరం ప్రయాణించేటప్పుడు బాధ్యత కూడా అంత దూరం చూడగలగాలి.

దూరం కాలంలోనే కాదు, స్థలంలోనూ ఉన్నది. వరి చాలావరకు స్వపరాగ సంపర్కం గల పంట. అడవి చెట్లలో అనేకం గాలి మీద, తేనెటీగ మీద ఆధారపడి దూరపు చెట్లతో సంకరం చెందుతాయి. చేను గట్టు పుప్పొడికి హద్దు కాదు. చైనా 2002లో పురుగును తట్టుకునే పోప్లార్ చెట్లకు, బ్రెజిల్ 2015లో వేగంగా పెరిగే జామాయిల్‌కు అనుమతి ఇచ్చాయి. మన దేశంలో 2021లో గౌహతి సమీపంలో జన్యు మార్పిడి రబ్బరు మొక్కలను ప్రయోగాత్మకంగా నాటారు. ఈ మూడింటిలో రెండింటికి ఒక సమానధర్మం ఉన్నది. బ్రెజిల్‌కు జామాయిల్ పరదేశపు చెట్టు, భారతదేశానికి రబ్బరు పరదేశపు చెట్టు. చుట్టుపక్కల అడవిలో వాటికి దాయాదులు లేరు. పోప్లార్ విషయంలో ఆ ధీమా లేదు. కనుక మొదటి రెండింటికి చెప్పే సమర్థన మూడవదానికి చాలదు, శేషాచలంలో పుట్టి శేషాచలంలోనే పెరిగే ఎర్రచందనానికి అసలే చాలదు.

5. పాఠాంతరాల విలువ

జన్యువైవిధ్యం ఎందుకు విలువైనదో వివరించడానికి జీవశాస్త్ర పరిభాష కంటే మన శాఖలకు పరిచితమైన పోలిక ఒకటి ఉపకరిస్తుంది. ఎర్రచందనం పెరిగే కడపలోనే సి.పి. బ్రౌన్ పండితులను నియమించి తాళపత్ర, కాగితపు ప్రతులను సేకరింపజేసి, ఒకే కావ్యానికి లభించిన అనేక ప్రతులను పోల్చి చూసే పని చేయించాడు. ఆనాటి నుంచి నేటి వరకు పాఠపరిష్కరణలో ఒక నియమం నిలిచింది. పరిష్కర్త తనకు నచ్చిన పాఠాన్ని పైన ఉంచవచ్చు, కాని తక్కిన పాఠాంతరాలను పారవేయరాదు. ఈ రోజు తప్పుగా కనిపించిన పాఠం రేపు దొరికే మరొక ప్రతి వెలుగులో సరైనదిగా తేలవచ్చు. అన్నింటినీ మించి, తన రచనను మూలంలో చొప్పించి మూలమేనని చెప్పరాదు. అలా చేరినదానికి మనం ప్రక్షిప్తమన్న పేరు పెట్టాము.

అడవిలోని ప్రతి ఎర్రచందనం ఒక ప్రతి. కరువును తట్టుకున్న పాఠం ఒక కొండ మీద, అగ్గికి చిగురు పెట్టే పాఠం మరొక లోయలో ఉండవచ్చు. కలప వర్తకుని కంటికి వంకర చెట్టు పనికిమాలిన ప్రతి. భవిష్యత్తులో ఏ తెగులు వస్తుందో తెలియని అడవికి అది ఒక పాఠాంతరం. మేలైన ప్రతినొక్కదానిని ఎంచి లక్షల సంఖ్యలో అచ్చువేసి, ఆ అచ్చుప్రతులతో గ్రంథాలయాన్ని నింపి, తాళపత్రాలకు ఇక పని లేదనడం ఎంత అనర్థమో, క్లోన్లతో సహజారణ్యాన్ని నింపడం అంత అనర్థం. అచ్చుప్రతి చెడ్డదని కాదు. అచ్చుప్రతి ఉండవలసిన చోటు వేరు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవచ్చు. ప్రకృతిలో క్లోనింగ్ లేదా? మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి, కదిరి ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమాను ఊడలు దించుకుంటూ ఎకరాల మేర విస్తరించిన ఒక్కొక్క చెట్టే కదా? ఈ ఆక్షేపణలో బలం ఉన్నది. ఒకే వారసత్వం విస్తరించడం ప్రకృతివిరుద్ధమని ఎవరైనా అంటే పిల్లలమర్రి ఒక్కటే ఆ మాటను ఖండిస్తుంది. అయితే మర్రి ఊడలు దించుతూనే పండ్లు కాస్తుంది. ఆ పండులోకి కందిరీగ తెచ్చిన పుప్పొడి వేరొక మర్రిది. ఆ పండు తిన్న పక్షి విడిచిన గింజ మూడవ మర్రి అవుతుంది. తనను తాను విస్తరించుకోవడం, తన కంటే భిన్నమైన దానికి దారి ఇవ్వడం అన్న రెండు పనులనూ మర్రి చేస్తున్నది. అభ్యంతరం క్లోనింగ్ మీద కాదు, రెండవ దారిని మూసివేయడం మీద.

6. పువ్వు పూయని అడవి

పుప్పొడి ద్వారా మార్పిడి జన్యువు వ్యాపిస్తుందన్న భయానికి సాంకేతికత ఒక పరిష్కారం చూపుతున్నది. చెట్టును వంధ్యగా మార్చితే, పువ్వు పూయకుండా చేస్తే, పుప్పొడి ఉండదు, వ్యాప్తి ఉండదు. పువ్వుకు ఖర్చయ్యే శక్తి కూడా కలపకే చేరుతుందని అదనపు లాభం చూపుతారు. తర్కంగా ఇది నిర్దుష్టం. నైతికంగా ఇక్కడే మనసు ఆగుతుంది.

జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం' తెలుగువారికి పువ్వు పక్షం నుంచి లోకాన్ని చూడడం నేర్పిన కవిత. పూజకైనా సరే, కోయబోయిన చేతిని పూలు అక్కడ ప్రశ్నిస్తాయి. ఆ కవిత ఎదుర్కొన్న హింస తుంచివేయడం. ఆ పూలకు విలపించే అవకాశమైనా దక్కింది. పుష్పించే శక్తినే తొలగించిన చెట్టు విషయంలో ప్రశ్నించడానికి పువ్వే లేదు. బాధితుడు లేడు కనుక హింస లేదన్న వాదం ఇక్కడ ముందుకు వస్తుంది. దీనికి జవాబు చెట్టుకు నొప్పి ఉన్నదా లేదా అన్న చర్చలో లేదు. పువ్వు చెట్టుకు మాత్రమే చెందినది కాదన్న సత్యంలో ఉన్నది. ఎర్రచందనం వేసవిలో పసుపు పూలు పూస్తుంది. ఆ పూలకు వచ్చే తేనెటీగ, ఆ తేనె పట్టు మీద ఆధారపడే మనిషి, ఆ ఈగను తినే పక్షి ఆ పువ్వుకు భాగస్వాములు. పంటచేలో వంధ్యత్వం ఒక జాగ్రత్త చర్య కావచ్చు. అడవిలో అది ఒకరి సొమ్మును మరొకరు చెప్పకుండా తీసుకోవడం.

7. దిద్దుబాటు నీతి

అయితే అడవిలోని చెట్టును జన్యుపరంగా తాకనే కూడదా? అలా అనడం కూడా తొందరపాటే. అమెరికన్ చెస్ట్‌నట్ కథ ఇందుకు నిదర్శనం. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఆసియా నుంచి మొక్కలతో పాటు చేరిన ఒక శిలీంధ్రం అమెరికా తూర్పు అడవులలోని ఆ చెట్లను కోట్ల సంఖ్యలో చంపింది. శిలీంధ్రం విడుదల చేసే ఆమ్లాన్ని నిర్వీర్యం చేసే గోధుమ జన్యువును చెస్ట్‌నట్‌లో చేర్చి, ఆ చెట్టును తిరిగి అడవికి పంపాలన్నది న్యూయార్క్ శాస్త్రవేత్తల సంకల్పం. ఇక్కడ 'ఎవరికి మేలు' అన్న ప్రశ్నకు జవాబు భిన్నంగా ఉన్నది. కలప వేగం కోసం కాదు, మనిషి వాణిజ్యం తెచ్చిన కీడును తొలగించడం కోసం. ఇది మెరుగుదల కాదు, దిద్దుబాటు. ఋణం తీర్చుకునే ప్రయత్నం.

ఇంత సదుద్దేశం గల ప్రయత్నంలో కూడా ఒక పొరపాటు బయటపడింది. పరిశోధనలో ఏళ్ళ తరబడి ఒక వంశమనుకొని వాడినది వాస్తవానికి మరొక వంశమని తేలింది. 2023 డిసెంబరులో అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్ ఆ చెట్టుకు తన మద్దతును ఉపసంహరించుకున్నది. చెట్లు ఇంకా పరిశోధన క్షేత్రం దాటి అడవిలో స్థిరపడలేదు కనుక ఆ ఉపసంహరణకు అర్థం ఉన్నది. అడవిలోకి వెళ్ళిన తర్వాత ఉపసంహరించుకోవడానికి ఏమీ మిగిలి ఉండేది కాదు. చిట్టీ తారుమారు కావడం ఏ ప్రయోగశాలలోనైనా జరగవచ్చు. మనిషి పొరపాటుకు అతీతుడు కాడన్న వినయాన్ని ప్రణాళికలోనే చేర్చుకోవాలన్నది ఈ ఉదంతం నేర్పిన నీతి.

ఆస్ట్రేలియా తత్త్వవేత్త రాబర్ట్ ఎలియట్ 1982లో ప్రకటించిన ఒక వ్యాసంలో పునరుద్ధరించిన ప్రకృతిని మేటి చిత్రానికి తీసిన నకలుతో పోల్చాడు. నకలు ఎంత బాగున్నా దాని పుట్టుక వేరు కనుక విలువ వేరన్నాడు. ఈ వాదాన్ని పూర్తిగా అంగీకరిస్తే గాయపడిన అడవికి కట్టు కట్టడం కూడా వ్యర్థమవుతుంది. పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాల ద్వారా మందు ఎక్కించి కాపాడారు. ఆ చికిత్స తర్వాత అది నకలు మర్రి కాలేదు. ఎలియట్ హెచ్చరిక వర్తించేది చికిత్సకు కాదు. నకలు తీయగలమన్న ధీమాతో అసలును చెరపడానికి సిద్ధపడే మనఃస్థితికి.

8. శేషాచలంలో నిర్ణయం

ఇప్పుడు ఎర్రచందనం వద్దకు తిరిగి రావచ్చు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, శేషాచలం, పాలకొండ, వెలిగొండ, లంకమల కొండలలో సహజంగా పెరిగే ఈ చెట్టు అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉన్నది. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందపు నియంత్రణలో ఉన్నది. తిరుపతి కొయ్యబొమ్మలకు ప్రాణం పోసిన ఈ కలప చైనాలో గృహోపకరణంగా, జపానులో సంగీతవాద్యంగా మారడానికి దొంగదారులు తొక్కింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవులలో పోలీసు కాల్పులకు 20 మంది మరణించారు. వారు తమిళనాడు నుంచి కూలికి వచ్చినవారు. ఈ చెట్టు గురించి మాట్లాడే ఏ నీతిచర్చ కూడా ఆ ఇరవై మందిని దాటి పోకూడదు. కలప విలువ మీద వచ్చే లాభం ఒక చోట, దానికి చెల్లించే ప్రాణం మరొక చోట ఉన్నాయి.

ఈ నేపథ్యంలో జీవసాంకేతికత ఇచ్చే హామీ తేలికగా తోసివేయదగినది కాదు. గట్టి కాయ కారణంగా ఎర్రచందనం విత్తనం తక్కువగా మొలకెత్తుతుంది. కణజాల వర్ధనం ఆ ఇబ్బందిని తగ్గించగలదు. త్వరగా చేవ పట్టే రకాలు రైతుల చేలలో పెరిగితే అడవి చెట్టు మీద గొడ్డలి వేటు తగ్గవచ్చు. 2023 నవంబరులో సైటిస్ స్థాయీ సంఘం భారతీయ ఎర్రచందనాన్ని ప్రత్యేక వ్యాపార సమీక్ష నుంచి తొలగించడం తోటలు పెంచిన రైతులకు ఊరటనిచ్చింది. తోటలో ఎర్రచందనం పెంచడం, దానిని మెరుగుపరచడం పైన చెప్పిన మూడు లక్షణాల దృష్ట్యా సమ్మతమే.

అయితే తోట కలప చట్టబద్ధమైన ముసుగుగా మారి అడవి కలపను దాచిపెట్టగలదు. రెండూ ఒకే ఎరుపు. ఇక్కడ జీవసాంకేతికతకు మరొక పాత్ర ఉన్నది. కలపలోని డి.ఎన్.ఏ.ను చదివి జాతిని నిర్ధారించడం, వంశావళులు నమోదు చేసి ఉంచితే దుంగ ఏ తోటదో సరిచూడడం సాధ్యం. చెట్టు వారసత్వాన్ని రాయడం ఒకటి, చదవడం మరొకటి. రాయడానికి తొందరపడే ముందు చదవడంలో మనం చేయవలసినది ఎంతో ఉన్నది. ఏ కొండ మీద ఏ వైవిధ్యం మిగిలి ఉన్నదో తెలుసుకోవడం, దానిని ఉన్నచోటనే నిలపడం, సాక్షిగా దుంగ చేత నిజం చెప్పించడం మొదటి కర్తవ్యాలు. సాక్షిగా వచ్చిన సాంకేతికత అడవికి మేలు చేస్తుంది, కర్తగా వచ్చినప్పుడు దానిని ప్రశ్నించాలి.

9. పేరులోని దోషం

భారత అటవీ సర్వేక్షణ సంస్థ లెక్కలో ఒక హెక్టారు లేదా అంతకు మించిన స్థలంలో పది శాతం పందిరి ఉంటే, యాజమాన్యంతో గాని జాతితో గాని నిమిత్తం లేకుండా అది అటవీ విస్తీర్ణమే. జామాయిల్ తోట, మామిడి తోట కూడా ఆ లెక్కలోకి వస్తాయి. ఉపగ్రహం పైనుంచి పందిరిని చూస్తుంది, కెమెరా చట్రంలో కనిపించినదానిని ప్రేక్షకుడు అడవి అనుకున్నట్లే. కొలతకు అది సౌకర్యం. కాని ఆ అంకెను చూపి అడవి పెరిగిందని ప్రకటించినప్పుడు మాట తన అర్థాన్ని కోల్పోతుంది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు అడవి అన్న పదాన్ని దాని నిఘంటు అర్థంలో గ్రహించాలని ఆదేశించింది. ఒక దేశపు అడవుల భవితవ్యం నిఘంటువు మీద ఆధారపడిన ఆ క్షణాన్ని భాషాధ్యయనపరులు విస్మరించరాదు.

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్లు, అడవి పేరు చెప్పి తోటను చూపడం సుస్థిరత వాదంలోని ప్రధాన దోషం. 'మెరుగైన' చెట్లున్న తోట ఉన్నది కనుక అడవిలో కొంత పోయినా పరవాలేదన్న భావన అక్కడి నుంచే పుడుతుంది. తోట అడవికి ప్రతినిధి కాదు. అది అడవికి కాపలా కాగలదు, కాపలాదారు యజమాని స్థానంలో కూర్చోనంత వరకు.

10. ముగింపు

పై పరిశీలన నుంచి నాలుగు నిర్ణయాలు చేయవచ్చు. ఒకటి: వృక్షాన్ని మెరుగుపరచామని ప్రకటించే ప్రతిచోట లోపించిన చతుర్థీ విభక్తిని పూరించాలి, ఎవరికి మేలో చెప్పాలి. రెండు: తోటలో మెరుగుదల రైతు, వినియోగదారుల హితం కోసం సమ్మతమే, దానిని అడవి సేవగా పేర్కొనరాదు. మూడు: అడవిలో జన్యుపరమైన జోక్యం మనం కలిగించిన కీడును దిద్దడానికే పరిమితం కావాలి, ఆ దిద్దుబాటు పాఠాంతరాలను తగ్గించరాదు, పువ్వును తీసివేయరాదు. నాలుగు: ఆ అడవి మీద బ్రతికే మనుషుల కొలబద్దకు 'ఉత్తమ వృక్షం' ఎంపికలో చోటు ఉండాలి.

వెంగళరావు నగర్ నుంచి జూబ్లీహిల్స్ దాకా నగరపు రహదారుల మధ్య ఒకే తీరున కత్తిరించిన కోనోకార్పస్ వరుసలు చూసినవారికి ఈ నిర్ణయాలు దూరపు సంగతులు కావు. త్వరగా పెరుగుతుందని, పశువులు తినవని, ఎప్పుడూ పచ్చగా ఉంటుందని ఎంచుకున్న చెట్టది. కొన్నేళ్ళకే దాని పుప్పొడి గురించి, వేళ్ళ గురించి ఆందోళనలు తలెత్తడంతో తెలంగాణ ప్రభుత్వం దానిని నాటడం ఆపించింది. ఎంచుకున్న గుణాలన్నీ నిజమే. అడగని ప్రశ్నలే మిగిలాయి. ఆ వరుసలకు కొద్ది దూరంలో, జాతీయ ఉద్యానపు కంచె లోపల ఎవరూ ఎంచని చెట్లు తమకు తోచిన తీరున వంకరలు తిరిగి పెరుగుతున్నాయి. వాటిలో మేలు రకం ఏదో చెప్పడం కష్టం. అవి ఎవరికి మేలు చేస్తున్నాయో చెప్పడం మాత్రం అక్కడ గూడు కట్టిన ఏ పక్షికైనా తెలుసు.